కల్లం మర్యాద

మా ముత్తాతగారు గ్రామ మునసబు. ఆయన తండ్రిగారు మూడు ఊళ్ళకు పెద్ద. ఆ మూడు ఊళ్ళ తగవులూ మా చావడి అరుగు మీదే తెగేవి. అక్కడ తెగినదాన్ని మళ్ళీ గురజాల కోర్టుకు పట్టుకుపోయిన మనిషి లేడని మా ఇంట్లో చెప్పుకునేవారు. తాతగారి నాటికి గుర్రం పోయి గుర్రపుశాల మిగిలింది. అయినా మునసబీ ఉంది, మాగాణి ఉంది, ఆయన వస్తుంటే జనం పక్కకు తప్పుకునే వీధి ఉంది. నాన్నగారి నాటికి ఊరే లేదు. సాగర్ ఆనకట్ట కట్టారు, కృష్ణ వెనక్కి నిండింది, చావడీ గుర్రపుశాలా మాగాణీ అన్నీ నీటి అడుగుకు పోయాయి. నాన్నగారు ఆ ఇంటి నుంచి ఊడదీసి తెచ్చుకున్నది టేకు సింహద్వారం ఒక్కటే. దాన్ని బండి మీద మాచర్ల చేర్చి, కొత్తగా కట్టుకున్న చిన్న ఇంటికి బిగించారు. ఇంటికి మించిన తలుపు. చూసినవాళ్ళకు నవ్వొచ్చేది. నాన్నగారి ముఖం చూసి మింగేసేవారు.

ఆ తలుపులోంచే నేను ఉద్యోగానికి వెళ్ళాను. అడవి కాపలాతో మొదలుపెట్టి సెక్షన్ ఆఫీసరుగా దిగిపోయాను. మునసబు మునిమనవడు ఖాకీ తొడుక్కుని పై అధికారికి సెల్యూట్ కొట్టాడు. కొట్టాను, కానీ వెన్ను వంచి కొట్టలేదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి పులి కథ చెప్పమంటారు. పులి కథలు అందరి దగ్గరా ఉంటాయి. నేను చెప్పదలచింది ఒక మాట సంగతి.

మా మునిగిపోయిన ఊళ్ళో ఒక మర్యాద ఉండేది. కల్లంలో జొన్న రాశి పోసినప్పుడు దారిన పోయేవాళ్ళెవరైనా ఆగి, "ఈ రాశి ఎవరిది?" అని అడిగితే, రాశి తాలూకు మనిషి "నాది" అనకూడదు. "మీదేనండి" అనాలి. అడిగినవాడు గింజ ముట్టడు. "చల్లగా ఉండండి" అని తన దారిన పోతాడు. నాది అంటే దిష్టి తగులుతుందని ఆడవాళ్ళు చెప్పేవారట, నాది అనడం తలపొగరని మగవాళ్ళు. తాతగారంతటివారు కూడా కూలిమనిషి అడిగితే "మీదేరా" అనేవారని నాన్నగారు గొప్పగా చెప్పేవారు. మాచర్లలో మా సింహద్వారం చూసి ఎవరిదండీ ఇంత పని అని ఎవరడిగినా నాన్నగారి జవాబు అదే. ఆయన తర్వాత నా జవాబూ అదే. ఊరు పోయింది, కల్లం పోయింది, మాట మిగిలింది.

ఇంక గుట్ట సంగతి. మ్యూజియం ఉన్న కొండకు వెళ్ళే లాంచీలు వేరు, ఆ జనం వేరు. నేను చెప్పేది దానికి చాలా ఎగువన, నల్లమల అంచున, చుట్టూ నీళ్ళు కమ్ముకున్న ఒక రాతి గుట్ట. ఒకప్పుడు అది మా ఊరి వెనక కొండ. తాతగారి పశువులు దాని మీద మేసేవి. నీళ్ళు బాగా తగ్గిన ఏడు గుట్ట కింద మా చావడి అరుగురాళ్ళు బయటపడేవి. డ్యూటీలో ఉండగా వాటిని చూశాను. పక్కన ఎవరూ లేకపోతే దిగి కాసేపు వాటి మీద కూర్చునేవాణ్ణి.

గుట్ట మీద కొద్ది గుడిసెలు. మా ఊరు మునిగినప్పుడు మాగాణిలో కూలి చేసుకునే కుటుంబాలకు ఎక్కడో దూరాన రాళ్ళ చెలక ఇచ్చారు. ఆ చెలకలో ఏమీ పండక, కొందరు పుట్టిలు కట్టుకుని చేపల కోసం వెనక్కి వచ్చారు. పుట్టి అంటే తోలు గాని తారు పూసిన గుడ్డ గాని చుట్టిన గుండ్రని బుట్ట పడవ. ఊరు నీళ్ళలో ఉంది కాబట్టి ఊరి పైన ఉన్న గుట్ట ఎక్కారు. వాళ్ళ పిల్లలూ, పిల్లల పిల్లలూ అక్కడే పుట్టారు. గుట్ట మొత్తానికి పెద్దది ఒక అవ్వ. ఊరు మునిగేనాటికి పరికిణీ కట్టిన పిల్ల. మా తాతగారిని చూసిన మనుషుల్లో నాకు తెలిసి అప్పటికి బతికున్నది ఆమె ఒక్కతే. నన్ను మొదటిసారి చూసి, "ఆ ముక్కు నేనెరగనా అయ్యా, మునసబుగారి ముక్కు గందా" అంది. ఆ మాటకు నాకు ఆ రోజంతా ఎండ తెలియలేదు.

గుట్టకు ఉత్తరాన ఒక మడుగులాంటి మూల ఉంది. అక్కడ నీటికుక్కలు ఉండేవి. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, ముంగిసను నీళ్ళలో పెంచినట్టుంటాయి. మంద కట్టి చేపలు తరుముతాయి, రాళ్ళ మీద పడుకుని ఒకదాని బొజ్జ మీద ఒకటి తల పెట్టి నిద్రపోతాయి. ఎక్కడైనా చేపలు పట్టేవాళ్ళకూ వాటికీ పడదు, వలలు చింపేస్తాయి కాబట్టి. గుట్ట వాళ్ళు ఆ మూల వల వెయ్యరు. ఎందుకని అడిగితే అవ్వ, "యేత్తే చింపుతయ్యి, కుట్టుకోను మాకు ఓపికల్లేవు, ఆ మూల ఆటికే పారేశాం" అంది. అంతే. చలికాలంలో తల మీద నల్లచారల బాతులు దిగేవి. ఒడ్డున మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఎండ కాగేవి. గుట్ట మీద దుప్పులు గుడిసెల మధ్యే తిరిగేవి.

దీన్ని నలుగురికీ చూపించాలని మా రేంజి ఆఫీసరుకు బుద్ధి పుట్టింది. నాకంటే వయసులో చాలా చిన్నవాడు, నా పై అధికారి. మంచివాడు. ఆఫీసులో "మీరు" అనేవాడు, లాంచీ ఎక్కితే "బాబాయిగారూ" అనేవాడు. సెలవు రోజుల్లో కొద్దిమంది సందర్శకుల్ని లాంచీలో తీసుకెళ్ళడం, గుట్ట మగవాళ్ళు వాళ్ళను పుట్టిలలో మడుగు దాకా తిప్పడం, ఆడవాళ్ళు జొన్నరొట్టె, చేపల పులుసు వండిపెట్టడం, వచ్చింది వాళ్ళే పంచుకోవడం. ఆ పని నాకు అప్పగించాడు. చెప్పుకోకూడదు గాని, నా ఉద్యోగంలో ఇష్టపడి చేసిన పని అదొక్కటే.

లాంచీ డ్రైవరు మాచర్ల సాయిబు. ఆయన తండ్రి ఆయిల్ ఇంజన్ల మెకానిక్కు, ఈయనా అంతే. నోటికి అదుపు లేదు. నేను ముందు బల్ల మీద నిటారుగా కూర్చుంటే వెనక నుంచి, "జమీందారుగారు కూర్చున్నారు, ఇంక బండి కదలచ్చు" అని కేక పెట్టేవాడు. సందర్శకులు నవ్వేవారు. నేను తిరిగి చూసేవాణ్ణి కాదు.

అవ్వకూ ఆయనకూ రోజూ తగాదా.

"ఏం సాయిబూ, నీ లాంచీ మోతకి నీటికుక్కలు గుంటూరు పోతయ్యి."

"పోతే పోనీ అవ్వా, నీ పులుసులో ఉప్పుకి జనం హైదరాబాదు పోతున్నారు."

"ఏందీ, ఉప్పా? మూడుసార్లు పోయించుకుని నాకినప్పుడు లేదా ఉప్పు?"

"అది ఆకలవ్వా. ఉప్పు ఉప్పే."

నరసరావుపేట నుంచి ఒకసారి బడిపంతుళ్ళు కుటుంబాలతో వచ్చారు. ఒక పంతులుగారు నీటికుక్కను చూసి ఇది కరుస్తుందా అని అడిగాడు. పుట్టి తిప్పుతున్న మనిషి, "దానికి మీరెవరో తెలవదండీ, తెలిసినాక కరుత్తది" అన్నాడు. గుట్ట మీద ఆ కాలంలో నవ్వు ఉండేది. పిల్లల్ని ఒడ్డున హాస్టల్లో చేర్పించారు. గుడిసెలకు కొత్త కప్పు పడింది. అది చూడటానికి నేను డ్యూటీ లేని రోజుల్లో కూడా వెళ్ళేవాణ్ణి.

అది బాగా నడుస్తోందని తెలిసేసరికి పైవాళ్ళకు ప్రశ్న వచ్చింది. అడవిలో, నీటి మధ్య, ఈ మనుషులు ఎవరు? గుట్ట వాళ్ళదేనా, లేక చేపల కోసం వచ్చి పోయేవాళ్ళా? అక్కడివాళ్ళే అని తేలితే గుడిసెలు ఉంటాయి, చూపించే పనీ వాళ్ళకే ఉంటుంది. వచ్చి పోయేవాళ్ళని తేలితే ఒడ్డుకు పోవాలి, గుట్ట ఖాళీ చేయాలి. తేల్చడానికి ఒక పెద్ద అధికారి వస్తున్నాడన్నారు. ఆయన మాటే ఆఖరు మాట.

రేంజి ఆఫీసరు ముందు రోజు గుట్ట మీదికి వచ్చి అందరినీ కూర్చోబెట్టి పరీక్షకు పిల్లల్ని తయారుచేసినట్టు చేశాడు. ఎప్పుడొచ్చారు? ఎందరు పుట్టారు? ఎవరెవర్ని ఎక్కడ పూడ్చిపెట్టారు? అవ్వ అన్నీ గడగడా చెప్పింది. మొగుణ్ణి పూడ్చిన చోటు వేలు పెట్టి చూపించింది. "బాబాయిగారూ, ఇంక భయం లేదు, అవ్వే మన సాక్ష్యం" అన్నాడు. నాకూ భయం లేదు. మేము అడగని ప్రశ్న ఒకటి మిగిలిందని ఇద్దరికీ తట్టలేదు. అది ప్రశ్న అని అక్కడెవరూ అనుకోరు.

పెద్ద అధికారి వచ్చిన పొద్దున నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అన్నీ అనుకున్న దానికంటే బాగా జరిగాయి. నీటికుక్కలు పిల్లలతో సహా రాళ్ళ మీదికి వచ్చి పొర్లాయి. ఆయన కెమెరా దించలేదు. మనిషి దుర్మార్గుడు కాడు. రొట్టె అడిగి మరీ వేయించుకున్నాడు, పులుసు బాగుందన్నాడు. వెనక సాయిబు అవ్వ వైపు చూసి ఒప్పుకున్నట్టు తల ఊపాడు.

తిన్నాక ఆయన చెయ్యి కడుక్కుని గుట్ట మొత్తాన్ని ఒకసారి చూశాడు. ఎండబెట్టిన చేపలు, గుడిసెలు, మధ్యలో దుప్పులు. సంతోషంగా ఉన్న మనిషి అడిగినట్టే అడిగాడు.

"ఏమమ్మా, ఇంత చక్కటి గుట్ట ఎవరిది?"

అవ్వ కొంగు భుజం నిండా కప్పుకుంది. తల కొంచెం వంచింది. ఆ వంపు నేనెరిగిందే. ఏం రాబోతోందో నాకు తెలుసు. అక్కడున్న అధికారుల్లో నా ఒక్కడికే తెలుసు.

"మీదేనయ్యా" అంది.

ఆయన నవ్వాడు. "మాదా? మరి మీది ఏదమ్మా?"

"మాదేముందయ్యా. ఏదో నిలబడ్డాం. అంతా మీదే."

ఆయన పక్కనున్న ఉద్యోగి వైపు తిరిగి, "విన్నారుగా. వాళ్ళే చెబుతున్నారు" అన్నాడు. కోపంతో కాదు, తగవు లేకుండా తేలిపోయిందన్న తేలికతో.

నేను ముందుకు వచ్చాను. "అది మర్యాదకు అన్న మాట సార్. ఇక్కడివాళ్ళు ఎవరడిగినా నాది అనరు. కల్లంలో రాశి ఎవరిదన్నా అదే జవాబు. మీరు దాన్ని అక్షరాలా తీసుకోకూడదు."

"ఇక్కడివాళ్ళు అంటే? మా పెద్దవాళ్ళదీ ఈ జిల్లానే. నేనెప్పుడూ వినలేదే."

"ఇది మా ఊరి పద్ధతి సార్."

"ఏ ఊరు?"

నేను నీళ్ళ వైపు చూపించాను. ఆయన నీళ్ళను చూశాడు, నన్ను చూశాడు. అప్పుడు మొదటిసారి నన్ను పరీక్షగా చూశాడు.

"మీది ఆ ఊరా? మీవాళ్ళు ఏం చేసేవారు?"

అడిగారు కాబట్టి చెప్పాను. మునసబీ, మూడు ఊళ్ళు, చావడి. నిటారుగా నిలబడి చెప్పాను. చెబుతుండగా నాకు సాయం చేద్దామని అవ్వ ముఖం విప్పార్చుకుని అందుకుంది.

"అవునయ్యా! ఈ గుట్టంతా అయ్యగారి తాతగారిదే. వాళ్ళ గొడ్లు ఈడనే మేసేయి. మేమంతా వాళ్ళ మనుసులమే."

రేంజి ఆఫీసరు కళ్ళు మూసుకోవడం చూశాను.

"ఓహో" అన్నాడు పెద్ద అధికారి. ఇప్పుడు గొంతులో తేలిక లేదు. "అంటే మీ పాత కూలీల తరఫున మీరు మాట్లాడుతున్నారు. వాళ్ళను ఇక్కడ చేర్చిందీ మీరేనా?"

"కాదు సార్. వాళ్ళు నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉన్నారు."

"అది మీరు చెప్పడం కుదరదు కదా. మీరు సంబంధమున్న మనిషి. మీ మాట ఇక్కడ పనికిరాదు."

రేంజి ఆఫీసరు సమాధులు చూపిస్తానన్నాడు. పెద్ద అధికారి గడియారం చూసుకుని, అవసరం లేదు, ఆమె స్పష్టంగా చెప్పింది అన్నాడు. దారిలో మళ్ళీ రెండుసార్లు రేంజి ఆఫీసరు ఆ మాట ఎత్తాడు. రెండోసారి ఆయన, "వాళ్ళది కాదని వాళ్ళే అంటుంటే వాళ్ళదని మీరెందుకు అంటారు?" అన్నాడు. దానికి జవాబు నా దగ్గర ఉంది, కానీ నా మాట పనికిరాదని అప్పటికే తేలిపోయింది.

వాళ్ళను ఒడ్డున దించి సాయిబు లాంచీని రేవుకు తెచ్చాడు. తాడు ముడి వేస్తూ అన్నాడు:

"మా ఇంటికి ఎవరొచ్చినా, మీ ఇల్లు బాగుంది అంటే మా నాయన 'ఆప్ కా హీ హై', మీదేనండి, అనేవోడు. ఎంతమంది కూర్చుని చాయ్ తాగి పోయినారో. ఇల్లు ఖాళీ చెయ్యమని ఒక్కడన్నా అన్లేదు సార్."

 ఆ రోజు ఆయన నన్ను జమీందారని పిలవలేదు.

గుట్ట ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. రేంజి ఆఫీసరు తను చేయగలిగిందంతా చేశాడు, తర్వాత వేరే చోటికి బదిలీ అయిపోయాడు. నేను గుంటూరు దాకా తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా, మీ తాతగారి గుట్ట అటగా అని నవ్వుతూ కుర్చీ చూపించేవారు. ఆ కథ నాకంటే ముందు చేరేది. నేను కూర్చోకుండానే మాట్లాడి వచ్చేవాణ్ణి.

గుడిసెలు వాళ్ళే విప్పుకున్నారు. కప్పు, వాసాలు పుట్టిలలో వేసుకుని ఒడ్డుకు చేర్చారు. ఆ రోజు కాపలా డ్యూటీ నాదే. అవ్వ చివరి పుట్టిలో వచ్చింది. ఒడ్డున నా పక్కన రాయి మీద కూర్చుంది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఆ రోజు మాది అనుంటే సరిపోయేది కదా అవ్వా?"

ఆమె నన్ను వింతగా చూసింది. నాకు మతి పోయిందేమో అన్నట్టు.

"అదేందయ్యా అట్టంటావు? ఇంటికొచ్చి, అన్నం తిని, చెయ్యి తడారకముందు అడిగిన మనిసికి మాది అని ఎట్టా చెప్తాం? మునసబుగారు ఎప్పుడన్నా అన్నాడా నాది అని?"

"అనలేదు."

"మరి?" అంది. మళ్ళీ తనే, "ఆయనకి చల్లగా ఉండండి అనటం తెలవదు. తెలవనోళ్ళు ఎందుకడగాల?" అంది.

ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. గుట్ట వైపు తిరిగి కూర్చోమంటే కూర్చోలేదు. ఒడ్డున ఇచ్చిన రేకుల గదిలో రెండు వానాకాలాలు ఉండి చనిపోయింది. మొగుడి పక్కన పూడ్చాలని కొడుకులు అడిగారు. గుట్ట మీదికి మనుషులకు అనుమతి లేదన్నారు. ఒడ్డునే పూడ్చారు. నేను వెళ్ళాను.

సందర్శకుల లాంచీ కొన్నాళ్ళు నడిచింది. బయటి నుంచి ఎవరో మనుషుల్ని పెట్టారు. మడుగు ఎక్కడో వాళ్ళకు చూపించాను, వెళ్ళారు, కానీ గుట్ట మీద మనిషి లేడని తెలిశాక దూరపు పడవలు వచ్చి ఆ మూలనే వలలు వేయడం మొదలుపెట్టాయి. ఆ వలల్లో చిక్కి చచ్చిన నీటికుక్కను నేనే విప్పి తీశాను. తర్వాత తర్వాత రాళ్ళు ఖాళీగా ఉండేవి. గంటసేపు రాళ్ళను చూసి తిరిగొచ్చిన జనం మళ్ళీ రాలేదు. లాంచీని రేవులో ఒడ్డుకు లాగి పడేశారు. సాయిబు పిడుగురాళ్ళ వెళ్ళి సున్నపురాయి లారీల ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. ఎప్పుడైనా రోడ్డు మీద కనిపిస్తే చెయ్యెత్తుతాడు. ఆగి మాట్లాడుకోం. మాట్లాడితే అదే వస్తుంది.

పిల్లలూ, మీరు ఎక్కడికో వెళ్తారు, ఎవరినో ఏదో అడుగుతారు. జవాబు వినగానే సంతోషం కలిగితే ఇంకోసారి, ఇంకో విధంగా అడగండి. మా వంశం సంగతి ఆ రోజు నేను దాచాల్సిందని ఒకరిద్దరు స్నేహితులు అన్నారు. దాచను. అప్పుడు అడిగారు, చెప్పాను. ఇప్పుడు అడిగినా చెబుతాను. వెన్ను వంచనందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఆ గుట్ట మీద నిలబడి నిజం చెప్పినందుకే ఆ నిజం పనికిరాకుండా పోవడం మాత్రం ఇన్నేళ్ళయినా నాకు మింగుడుపడలేదు.

పోయినేడు మా వీధి వెడల్పు చేశారు. ముందు గోడ పోయింది. సింహద్వారాన్ని ఊడదీసి పెరట్లో వేపచెట్టుకు ఆనించాం, నాన్నగారు బండి మీద తెచ్చిన రోజున ఎలా ఉందో అలాగే. లోపలి గుమ్మానికి అది పట్టదు. వానలో తడుస్తుంటే పట్టా కప్పాను. పాత కలప కొనేవాడొకడు హైదరాబాదు నుంచి వ్యాను వేసుకుని వీధి వీధి తిరుగుతూ మా పెరట్లోకి వచ్చాడు. పట్టా ఎత్తాడు. చెక్కిన తామరల్ని చేత్తో నిమిరాడు.

"అబ్బ. ఎవరిదండీ ఈ తలుపు?"

"మీదేనండి" అన్నాను.

వాడు ముఖమంతా నవ్వుతో వ్యాను వైపు తిరిగి తన మనుషుల్ని తాళ్ళు తెమ్మన్నాడు. నేను అమ్మనని చెప్పి ఉండొచ్చు. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

సింహద్వారం ఆ సాయంత్రమే అమ్ముడుపోయింది. ద్వారబంధం, ఇత్తడి గుబ్బలు, గడపతో సహా.